దిగి లేవని గీత

కళ్లు కనపడటం లేదని నటించేవాళ్లను పట్టుకోవడంలో నాకు పెద్ద పేరుండేది. కరీంనగర్‌లో మా కంటి ఆసుపత్రికి అనుమానపు కేసు ఎక్కడి నుంచి వచ్చినా, డాక్టర్లు చీటీ మీద సంతకం గీకి "ఆయన దగ్గరికి పంపండి, తేల్చేస్తాడు" అనేవారు. ఆ మాట చెవినపడ్డ రోజు ఇంటికెళ్లి ఒక ముద్ద ఎక్కువే తినేవాణ్ణి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి, "సార్, మీ అనుభవంలో గొప్ప కేసు ఒకటి చెప్పండి" అంటుంటారు. గొప్పవన్నీ నాలుగైదుసార్లు చెప్పి ఇంట్లోవాళ్లను ఎప్పుడో విసిగించాను. ఇది నేను తప్పుచేసిన కేసు. రిటైరైన రెండేళ్లకు గానీ దీన్ని రాయడానికి చెయ్యి రాలేదు.

నా పనేమిటో ముందు రెండు ముక్కల్లో చెప్తాను. కంటి లోపలి గోడను అంటుకుని పలుచటి తెర ఉంటుంది, రెటీనా అంటారు. దాని నిండా నరాల కణాలే, వరుసలు వరుసలుగా ఉంటాయి. వెలుతురు పడితే అవి రవ్వంత కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటును కొలవడం నా పని. కింది రెప్పలో దారంలాంటి సన్నటి తీగ పెట్టి, నుదుటికీ కణతలకూ జిగురుతో బిళ్లలు అంటించి, తెల్లటి గిన్నెలాంటి దాంట్లో మొహం పెట్టించి ఒక మెరుపు కొడితే కంప్యూటర్ మీద గీత వస్తుంది. గీత ముందు కిందికి దిగుతుంది, వెంటనే పైకి లేస్తుంది. మనిషి అబద్ధమాడొచ్చు గానీ గీత అబద్ధమాడదని అందరికీ చెప్పేవాణ్ణి. గీతను చదివేవాడి సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

మిషన్ కాక నా సొంత చిట్కాలు కొన్ని ఉండేవి. రెండు చూపుడు వేళ్లు ఎదురెదురుగా తెచ్చి కొసలు కలపమనేవాణ్ణి. పుట్టుగుడ్డి అయినా కలుపుతాడు, దానికి కళ్లతో పనిలేదు. నటించేవాడు మాత్రం కనపడటం లేదని చూపించుకోవాలి కాబట్టి కావాలని తప్పిస్తాడు. రెండోది స్టూలు. మసక గదిలో దారికడ్డంగా స్టూలు పెట్టి, అటు నుంచి రమ్మని పిలిచేవాణ్ణి. తప్పుకుని వచ్చాడంటే దొరికాడని లెక్క.

మంచిర్యాల దిక్కు బొగ్గు బావుల నుంచి మాకు కేసులు ఎక్కువగా వచ్చేవి. అక్కడ కార్మికుడు ఆరోగ్యం చెడి 'అన్‌ఫిట్' అయితే అతని పిల్లల్లో ఒకరికి ఆ కొలువు ఇచ్చే పద్ధతి ఉంది. అందులో తప్పేమీ లేదు, భూమి లోపల ఒళ్లు అరగదీసుకున్నవాడి ఇల్లు నిలబడాలి కదా. కాకపోతే యాభై దగ్గరపడేసరికి కొందరికి చూపు, కొందరికి చెవులు, కొందరికి నడుము ఉన్నట్టుండి పోయేవి. "కొడుకు చదువైపోంగనే బాపు కండ్లు పోతయి" అని మేం గదిలో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వే నా కొంప ముంచింది.

ఉగాది వెళ్లిన వారానికి అతను వచ్చాడు. యాభైకి అటూ ఇటూగా ఉంటాడు. పొడుగ్గా, బక్కగా, తలుపు దగ్గర అలవాటుగా తల వంచి లోపలికొచ్చే మనిషి. బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. గని ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన చీటీలో మూడు ముక్కలున్నాయి: రేచీకటి అంటున్నాడు, కంట్లో దోషం కనపడలేదు, నటన అనుమానం.

"ఏమైందయ్యా?" అన్నాను తల ఎత్తకుండానే.

"చీకట్ల ఏం కానొస్తలేదు సారూ. బాయిల దిగినంక నెత్తి లైటు పడ్డకాడనే కానొస్తది. పక్కకు మొత్తం నల్లగ. నడుమ నడుమ మిలమిల మెరుస్తది."

"ఎన్ని రోజుల సంది?"

"రెండు నెలలాయె. అంతకుముందు పిల్లి లెక్క చూసేటోన్ని."

నాకు తెలిసిన రేచీకటి చిన్నప్పటి నుంచి ఉంటుంది, లేదా తిండి సరిగా లేనివాళ్లకు వస్తుంది. యాభై ఏళ్ల మనిషికి రెండు నెలల కింద ఊడిపడదు. వేళ్లు కలపమన్నాను. సూటిగా కలిపాడు. వీడెవడో తెలివైనవాడే, ఎవరో చెప్పి పంపినట్టున్నారు అనుకున్నాను. మసక గదిలో స్టూలు లాగి అడ్డం పెట్టి పిలిచాను. చక్కగా తప్పుకుని వచ్చాడు. నా మట్టుకు కేసు అక్కడే ముగిసింది. తర్వాత మిషన్ మీద చేసిందంతా కాగితం కోసం చేసిందే.

ఆ రోజు పెద్దపల్లి వైపు ఊళ్ల నుంచి శుక్లాల ఆపరేషన్లకని రెండు బస్సుల జనం దిగారు. వరండాలో నిలబడే చోటు లేదు. రేచీకటి పరీక్షకు ముందు మనిషిని అరగంట కటిక చీకట్లో కూర్చోబెట్టాలి. నేను పావుగంటకే తలుపు తీశాను. ముందు సన్నటి మెరుపులతో చేయాల్సిన భాగం ఒకటుంది, అది వదిలేసి నేరుగా పెద్ద మెరుపు కొట్టాను. గీత బ్రహ్మాండంగా కిందికి దిగింది. తెర వెలుతురును పట్టుకుంటోంది, ఇంకేం కావాలి! ఆ తర్వాత పైకి లేవలేదు. అది నేను చూశాను. చూడలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను.

"కండ్లు బిగించకయ్యా," అని కసిరాను.

"బిగిస్తలే సారూ."

మళ్లీ కొట్టాను, మళ్లీ అంతే. నటించేవాళ్లు కళ్లు బిగిస్తారు, బిగిస్తే గీత పాడవుతుంది, అది నా అనుభవం. 'తెర స్పందన ఉంది, రోగి సహకరించలేదు' అని రాసి పెట్టాను. ఆపరేషన్ల మధ్య డాక్టరుగారు సంతకం చేసిచ్చారు. రోగి సహకరించలేదు అన్న మాట రాయడానికి నాకు అరనిమిషం పట్టి ఉంటుంది.

నాలుగు నెలలు గడిచాయి. ముసురు పట్టి మూడు రోజులుగా వదలని వాన. పొద్దున పదింటికి నా గది తలుపు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పొట్టిగా, తడిసిన కొంగు నడుముకు చుట్టుకుని, చేతిలో ప్లాస్టిక్ కవరు. వెనక ఆ పొడుగాటి మనిషి.

"గీ సారేనా?" అని మొగుణ్ణి అడిగింది.

"గీ సారే."

ఆమె కవర్లోంచి నా రిపోర్టు తీసి బల్ల మీద పెట్టింది. "సారూ, చదువుకున్నోళ్లతోని చదివిపిచ్చిన. నా పెనిమిటి సహకరించలేదని రాసినవట. ఏం చెప్తె చెయ్యలేదో జర చెప్తవా?"

ఇరవై నాలుగేళ్ల సర్వీసులో నన్ను ఎవరూ అలా అడగలేదు. చిరాకేసింది. చిరాకు కింద ఇంకేదో కూడా ఉండింది గానీ దాన్ని పైకి రానివ్వలేదు. జరిగింది ఆమే చెప్పింది. నా కాగితం చూసి గని డాక్టరు అతణ్ణి మళ్లీ బాయిలోకి పంపాడు. పదిహేను రోజుల కింద పట్టాల మీద బొగ్గు టబ్బులు వస్తుంటే అతనికి పక్క నుంచి కనపడలేదు. తోటివాడు నడుము బెల్టు పట్టి గుంజబట్టి బతికాడు. తెల్లారి నుంచి, "పైన ఏ పని ఇచ్చినా చేస్త, కిందికి మాత్రం దిగ" అని మొండికేశాడు. లేని రోగం చెప్పి డ్యూటీ ఎగ్గొడుతున్నాడని ఆఫీసు నోటీసు ఇచ్చింది. వచ్చే మంగళవారం విచారణ. రుజువు చూపించకపోతే కొలువు పోతుంది.

"నౌకరి పోతే కూలి చేస్కొని బతుకుతం సారూ," అన్నాడతను మెల్లగా. "నాటకాలోడని పేరు పెట్టిండ్రు. హోటల్ కాడ చాయ్ తాగుదామంటె స్టూలు అడ్డం పెట్టి కానొస్తుందా అని నవ్వుతుండ్రు."

ఆ స్టూలు కథ వాళ్లదాకా ఎలా పోయిందో నాకు తెలుసు. నేనే ఒకరిద్దరికి గొప్పగా చెప్పాను.

అప్పటికి నెల కింద మా దగ్గర ఒక కొత్త డాక్టరమ్మ చేరింది. బోథ్ దగ్గర పత్తి రైతు కూతురు, రెటీనా చదివి వచ్చింది. వయసులో నా బిడ్డంత ఉంటుంది. పక్క గదిలోంచి మా మాటలన్నీ విని బయటికొచ్చింది. అతని కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూసి, "మళ్ల చేద్దాం," అంది.

"చేసిందే కద మేడమ్."

"అరగంట నిండ చీకట్ల కూసోపెట్టుండ్రి. నడుమ తలుపు తెరుస్తరేమో, మీరు గూడ లోపల్నే కూసోండ్రి."

అందరి ముందు అనడంతో నాకు ఒళ్లు మండింది. కంట్లో చుక్కలు వేసి, అతణ్ణి లోపల కూర్చోబెట్టి, తలుపు బిగించి నేనూ ఎదురుగా కూర్చున్నాను. చెయ్యి చాపితే చెయ్యి కనపడని చీకటి. బయట రేకుల మీద వాన.

"సారూ, పోయినసారి స్టూలు అడ్డం పెట్టినవు గద," అన్నాడతను.

"కనపడనోనికి ఎట్ల తెలిసింది మరి?"

"నువ్వు గుంజిన చప్పుడు విన్న. బాయిల మేం చెవులతోనే బతుకుతం. రాడ్ తీస్కొని కప్పును కొడ్తం. గట్టిగుంటె ఖంగుమంటది, వదులైతె దబ్బుమంటది. గా చప్పుడు ఎరుక లేనోడు ఇంటికి రాడు."

అంత తేలికైన సంగతి నాకు తట్టలేదు. ఏదో ఒకటి అనాలని, "నీ కొడుకు ఏం చేస్తడు తమ్మీ?" అని అడిగాను. అప్పటికి 'అయ్యా' పోయి 'తమ్మీ' ఎప్పుడొచ్చిందో నాకే తెలియదు.

"కొడుకెక్కడి కొడుకు సారూ. మాకు పిల్లలు కాలే."

"మరి అన్‌ఫిట్..."

"అన్‌ఫిట్ చేస్తె నౌకరి ఎవ్వలకిప్పియ్యాలె? నాకు పైన ఏదన్న పని ఇయ్యిమన్న, గంతే. చీటీల గదే రాస్తరనుకున్న. నువ్వు గూడ అడుగుతవనుకున్న."

నా మొహం అతనికి కనపడనందుకు ఆ చీకటికి దండం పెట్టుకున్నాను. వెలుతురున్నా లేకున్నా నా మొహంతో అతనికి పనేముందని ఆ తర్వాత అనిపించింది. మిగిలిన నిమిషాలు అతని ఊపిరి వింటూ కూర్చున్నాను. నా ఉద్యోగంలో అంత పొడుగు అరగంట ఇంకోటి లేదు.

చిన్న ఎర్ర దీపం వేసి పరీక్ష మొదలుపెట్టాను. ముందు సన్నటి మెరుపులు. మంచి కంట్లో గీత నింపాదిగా పైకి లేవాలి. ఇక్కడ నేలబారుగా ఉండిపోయింది. పెద్ద మెరుపు కొట్టాను. గీత లోతుగా దిగింది. దిగి అక్కడే పాకుతూ పోయింది. "కండ్లు బిగించకు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మిషన్‌లో కంటిని చూపించే చిన్న కెమెరా ఒకటుంది, పోయినసారి దాని వైపు చూడను కూడా లేదు. ఇప్పుడు చూశాను. కన్ను పూర్తిగా తెరిచే ఉంది. రెప్ప కొట్టకుండా పట్టుకున్నందుకు నీళ్లు కారుతున్నాయి. తీగ మార్చాను. జిగురు తుడిచి మళ్లీ పెట్టాను. రెండో కన్ను చేశాను. అదే గీత.

డాక్టరమ్మ వచ్చి గీతల ముందు నిలబడింది. నేనే అడిగాను. "తెర పట్టుకుంటుంది గద మేడమ్, మరి ఎందుకు లేస్తలేదు?"

"స్లాబ్ పోసేటప్పుడు తట్టలు అందిచ్చుకుంటరు చూడుండ్రి. గీ దిగిన గీత మొదటి వరుసోళ్లది. వాళ్లు తట్ట ఎత్తుతుండ్రు, వాళ్ల తప్పేం లేదు. రెండో వరుస అందుకుంటె గీత లేస్తది. వాళ్లు అందుకుంటలేరు."

"దాని తర్వాత?"

"తర్వాత చీకటి చూపుకు ఇంకో తీరు దారి ఉన్నది. అక్కడ కణాలు గోడకు గోడ ఆనుకోని ఉంటయి, నడుమ కంటికి ఆనని తూట్లు. గా తూట్లల్లకెల్లి కరెంటు ఒకదాంట్లకెల్లి ఇంకోదాంట్లకు సీదా పోతది, నడుమ రసాయనాలేం అక్కరలేదు. చీకట్ల ఒక్కో కణానికి అందే వెలుతురు చిటికెడు. పక్కపక్కోళ్లు కలుపుకుంటెనే మెదడు దాక పోతది. వెలుతురును బట్టి గా తూట్లు తెరుచుకుంటయి, మూసుకుంటయి. అరగంట ఆగుమనేది గందుకు గూడ." ఆమె గీత మీద వేలు పెట్టింది. "గీయనకు గా కలుపుడు ఉన్నది. దాని దాక సరుకే వస్తలేదు."

ఇరవై నాలుగేళ్లుగా దిగడం, లేవడం చూస్తూనే ఉన్నాను. ఆ దిగేది ఎవరు, లేపేది ఎవరు అని ఒక్కనాడూ ఎవర్నీ అడగలేదు. సిగ్గేసింది.

ఆమె భార్యను లోపలికి పిలిచింది. "చిన్నప్పటి సంది గిట్లనేనా?"

"లేదమ్మా. పోయిన దీపావళికి గూడ బాగనే ఉండె. పొద్దు గూకినంక తొవ్వల పామును నాకంటె ముందుగాల చూసేటోడు."

ఆ మాటతో డాక్టరమ్మ మొహం మారిపోయింది. నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. నడివయసులో, కంట్లో ఏ దోషమూ కనపడకుండా, ఇలాంటి గీత వస్తే ఒక అనుమానం ఉందట. ఒంటి మీద నల్లమచ్చగా మొదలయ్యే కేన్సర్ ఒకటుంది. దానితో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న సైన్యం పొరపాటున కంట్లో ఆ రెండో వరుస మీద కూడా పడుతుంది. "చానా అరుదు. నేను చదువుకున్న, ఇప్పటిదాక చూడలే," అని అతని వైపు తిరిగింది. "ఒంటి మీద యాడన్న నల్లమచ్చ ఉన్నదా? కొత్తగ వచ్చింది?"

అతను మొదటిసారి నవ్వాడు. "బొగ్గు బాయోన్ని మచ్చలు అడుగుతవా మేడమ్!"

చొక్కా విప్పాడు. వీపు, భుజాలు, మోచేతులు, ఎక్కడ చూసినా నీలం కలిసిన నల్లటి మచ్చలు, గీతలు. బాయిలో దెబ్బ తగిలితే గాయంలోకి బొగ్గు పొడి పోతుంది, పైన చర్మం మానుతుంది, లోపలి నలుపు చచ్చేదాకా పోదు. ఆ కాలనీల్లో మచ్చలేని మగవాడు ఉండడు. ఎవరూ ఎవరినీ మచ్చలేమిటని అడగరు. డాక్టరమ్మ భూతద్దం పట్టుకుని వీపు మీద మొదలుపెట్టి, కాసేపటికి ఆగి నా వైపు చూసింది. ఏది బొగ్గో ఏది కాదో ఆమెకూ తెలియడం లేదు.

అప్పుడు నాకొకటి తట్టింది. స్టూలు చప్పుడు గుర్తుపెట్టుకున్న మనిషి దెబ్బలు గుర్తుపెట్టుకోడా? "తమ్మీ, ఒక్కొక్క మచ్చ యాడ తాకిందో చెప్తవా?"

చెప్పాడు. నుదుటి మీదిది కొలువులో చేరిన కొత్తలో, బాయిలో తలుపు చట్రం తగిలి. భుజం మీదిది దుంగ జారి. వీపు మీద చుక్కలు కప్పు పెళ్లలు రాలిన రోజువి, ఆ రోజు పక్కన ఎవరున్నారో కూడా చెప్పాడు. మోచెయ్యి, మోకాలు, పిక్క. ఒక్కటి కూడా తడుముకోలేదు. అతను చెప్తుంటే నేను వేలితో తాకుతూ పోయాను. డాక్టరమ్మ టార్చి పట్టుకుంది.

"చెప్పు ఇడువు," అంది భార్య.

"అక్కడేమున్నదే."

"ఇడువుమంటున్న."

ఎడమ కాలి మడమ కింద మచ్చ. రూపాయి బిళ్లంత. అంచు ఒకచోట పాకి, ఒకచోట చీలి, మధ్యలో ఉబ్బుగా ఉంది. "గిది?" అన్నాను.

అతను వంగి మడమ చూసుకున్నాడు. ఆలోచించాడు. "బొగ్గే అయి ఉంటది సారూ."

"యాడ తాకింది?"

"...యాది లేదు."

అన్ని మచ్చల్లో దానికొక్కదానికే కథ లేదు. బూటు లోపల, మడమ కింద, దెబ్బ తగలకుండా బొగ్గు ఎలా పోతుంది? డాక్టరమ్మ వంగి చూసి టార్చి ఆర్పేసింది. ఆమె నిలబడిన తీరు చూస్తేనే నాకు అర్థమైంది.

"నేను అడిగిన సారూ," అంది భార్య. "పగుళ్లకు నూనె రాసేటప్పుడు చూసిన. ఉగాదికి శనగగింజంత ఉండె. ఇదేందయ్యా అంటె బొగ్గే అన్నడు. బొగ్గు మచ్చ పెరుగుతదా అని అడిగిన. నవ్విండు."

ఉగాదికి శనగగింజ. ఉగాది వెళ్లిన వారానికే అతను నా గదిలో, ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

"పాత పరీక్ష గీత ఉన్నదా?" డాక్టరమ్మ నన్ను అడిగింది. "రిపోర్టు గాదు, గీత కావాలె. అప్పుడు ఎట్లుండెనో చూడాలె."

"చూస్త మేడమ్," అని మిషన్ దగ్గరికి వెళ్లాను.

ఉంది. పేరు కొట్టగానే కంప్యూటర్ మీదికి వచ్చింది. దిగిన గీత, లేవని గీత. ఇప్పటిదాన్ని దాని మీద పరిస్తే తేడా తెలియదు. ఒక్క మీట నొక్కితే ఆ గీత పోతుంది. పాత మిషన్, అప్పుడప్పుడు పరీక్షలు ఎగిరిపోవడం అందరికీ తెలుసు. నాకు ఇంక పద్నాలుగు నెలల సర్వీసుంది. వేలు ఆ మీట మీద పెట్టాను. పెట్టలేదని రాస్తే ఈ కథ రాయడమే దండగ. నాకు భయమేసింది. 'మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు' అని డాక్టరమ్మ అడిగే రెండో ప్రశ్న తలుచుకుంటే ఇంకా భయమేసింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తలుపు సందులోంచి చూస్తే, భార్య కింద కూర్చుని అతని కాలికి చెప్పు తొడిగి పట్టీ బిగిస్తోంది. మచ్చకు ఒరుసుకోకుండా బిగించాలని రెండుసార్లు విప్పి మళ్లీ పెట్టింది.

రెండు గీతలూ అచ్చు తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. "అప్పుడే ఉంది మేడమ్. కండ్లు బిగిస్తుండనుకున్న."

"ఎందుకట్ల అనుకున్నరు?"

"నమ్మలేదు మేడమ్."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "గా మాట నాకు గాదు, వాళ్లకు చెప్పుండ్రి," అని తన గదిలోకి వెళ్లి హైదరాబాద్‌కు ఫోన్ కలిపింది.

చెప్పాను. ఏ మాటలతో చెప్పానో గుర్తులేదు. అతను విని, "పోనీ సారూ. ఇప్పుడన్న నాటకం గాదని ఎరుకైంది గద," అన్నాడు. అతనికి ఇంకా మడమ సంగతి పూర్తిగా తెలియదు. భార్య నన్ను చూసింది, చూసి కవరు సర్దుకుంది.

మంగళవారం విచారణకు అతను వెళ్లలేదు. అప్పటికి హైదరాబాద్‌లో మంచం మీద ఉన్నాడు. రెండు కాగితాలు పట్టుకుని నేను వెళ్లాను. గని ఆఫీసులో ముగ్గురు అధికారులు, పక్కన ఒక కార్మిక నాయకుడు. అందులో పెద్దాయన నా కాగితాలు అటూ ఇటూ తిప్పి, "అంటే మీ రిపోర్టు తప్పంటారా?" అన్నాడు.

"రిపోర్టు తప్పు సార్. గీత కరెక్టే."

"మీరే కదా రెండూ చేసింది?"

"నేనే."

వాళ్లు మొహాలు చూసుకున్నారు. నోటీసు వెనక్కి తీసుకున్నారు, సెలవు మంజూరు చేశారు. మా ఆసుపత్రి నాకు మెమో ఇచ్చింది, నటన కేసులు నా దగ్గరికి పంపడం మానేసింది. రెండింటికీ నేను అర్హుణ్ణే. మిగిలిన పద్నాలుగు నెలల్లో అరగంటను పావుగంట చేయలేదు. వరండాలో జనం అరిచినా, గోల చేసినా తలుపు తీయలేదు. పిల్లలూ, ఈ ఒక్క ముక్క మాత్రం సలహా అనుకోండి, తిట్టు అనుకోండి: ఆ అరగంట మీది కాదు, కుర్చీలో కూర్చున్నవాడిది.

అతనికి మడమ కోశారు. తర్వాత గజ్జల్లో గడ్డలు తీశారు. ఒకసారి ఫోన్ చేసి, కాలు బాగానే ఉంది, చీకటి మాత్రం అట్లనే ఉంది అన్నాడు. మరుసటి ఏడాది వానలకు పోయాడు. ఆ సంగతి నాకు నెల ఆలస్యంగా తెలిసింది. నేను పోలేదు. పోవడానికి ధైర్యం చాలలేదు.

నా రిటైర్మెంటుకు ముందు వారంలో ఆమే వచ్చింది. కరీంనగర్‌లో ఏదో కాగితాల పనట. రోగులందరూ పోయేదాకా బెంచీ మీద కూర్చుని, తర్వాత లోపలికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, ఒక్క మాట అడగడానికి వచ్చిన. డాక్టర్లను అడిగితె తిప్పి తిప్పి చెప్తుండ్రు. మొదలు ఆయన వచ్చిన నాడే దొరికి ఉంటె, బతుకుతుండెనా?"

తప్పించుకునే జవాబులు నా దగ్గర బోలెడున్నాయి. ఆయుష్షు మన చేతిలో లేదమ్మా అనొచ్చు. ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరని డాక్టరమ్మే అంది, అది నిజం కూడా. ఆమె నిలబడే ఉంది. నేను లేచి నిలబడ్డాను.

"బతుకుతుండెనేమో అమ్మా. గా నాలుగు నెలలు నా వల్ల పోయినయి."

ఆమె ఏడవలేదు. గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. "మా చుట్టాలందరు రాత అంటుండ్రు సారూ. బాయోళ్లు రాత అంటుండ్రు. నువ్వొక్కనివి నీ పేరు చెప్పుకున్నవు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బయటికి పోబోతూ అది చూసి ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"గట్లని నిన్ను మాఫ్ చేసిన అనుకోకు," అని చెప్పి మంచిర్యాల బస్సుకు వెళ్లిపోయింది.

అప్పుడు అనుకోలేదు. ఇప్పటికీ అనుకోవడం లేదు.